డాక్టరుకు డబ్బు ఎవరిచ్చారు? తెలుగునాట వైద్యవృత్తి ఆర్థిక చరిత్ర

వైద్యుడికి ప్రతిఫలం ఎవరు చెల్లించాలన్న ప్రశ్నకు తెలుగునాట ఒక్కో కాలంలో ఒక్కో జవాబు దొరికింది. రాజులు భూమి ఇచ్చారు. రైతులు కళ్లంలో ధాన్యం కొలిచారు. తెల్లదొరల సర్కారు జీతం ఇచ్చింది. పట్నాల్లో రోగి తన జేబులోంచి ఫీజు తీశాడు. ఇప్పుడు బిల్లులో పెద్ద భాగం బీమా కంపెనీలూ ప్రభుత్వ ట్రస్టులూ కడుతున్నాయి. డబ్బు ఇచ్చే చెయ్యి మారిన ప్రతిసారీ వైద్యుడు ఏ ఊళ్లో కూర్చోవాలి, ఏ చదువు చదవాలి, ఎంత అప్పు చేయాలి, ఎవరికి లెక్క చెప్పాలి అన్నవి కూడా మారిపోయాయి. వైద్యశాస్త్ర చరిత్రలో మందులకూ ఆపరేషన్లకూ దక్కిన చోటు ఈ మార్పులకు దక్కలేదు. రోగికి అందిన వైద్యం ఎలాంటిదన్నది మాత్రం చాలావరకు వీటి మీదే ఆధారపడింది.

మాన్యాలు, మేరలు

గుంటూరు జిల్లా మందడం దగ్గరి మల్కాపురంలో 1261 నాటి కాకతీయుల శాసన స్తంభం ఉంది. గణపతిదేవుడు, రుద్రమదేవి తమ గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి మందడం, వెలగపూడి గ్రామాలను దానం చేసిన సంగతి అందులో ఉంది. ఆ ఊళ్ల ఆదాయంతో ఆయన ఆలయం, మఠం, విద్యామండపం, అన్నసత్రంతో పాటు ఒక ఆరోగ్యశాల, ఒక ప్రసూతిశాల కూడా ఏర్పాటు చేశాడు. అక్కడి వైద్యుడు రోగి ఇచ్చే దాని మీద ఆధారపడకుండా భూమి మీద వచ్చే ఆదాయంతోనే బతికే పద్ధతి అది. 

పొరుగున తమిళ దేశంలో తిరుముక్కూడల్ ఆలయంలో ఉన్న 11వ శతాబ్దపు చోళ శాసనం ఇలాంటి ఏర్పాటుకు లెక్కలు కూడా ఇస్తుంది. 15 పడకల ఆసుపత్రిలో వైద్యుడికి ఏడాదికి 90 కలముల వడ్లు, 8 కాసులు ముట్టేవి. శస్త్రచికిత్స చేసేవాడికి 30 కలముల వడ్లు మాత్రమే. మందులిచ్చే చేతికీ కత్తి పట్టే చేతికీ మధ్య ఇంత తేడా వెయ్యేళ్ల కిందటే ఉంది. ఈనాటి ఆసుపత్రుల్లో ఆ లెక్క తిరగబడింది.

ఆలయాలూ మఠాలూ లేని పల్లెల్లో వైద్యం వంశపారంపర్యంగా నడిచింది. పేరున్న వైద్య కుటుంబాలకు మాన్యం భూములు ఉండేవి. పుండ్లు కోసి కట్టు కట్టే మంగలికీ, పురుడు పోసే మంత్రసానికీ ఊరి వృత్తులవారితో పాటు పంట మీద మేర దక్కేది. కళ్లంలో ధాన్యం తూర్చాక, ఇంటికి చేరకముందే, ఎవరి మేర వారికి కొలిచేవారు. పంట పండిన ఏడు మేర నిండుగా ఉండేది. కరువొచ్చిన ఏడు రోగాలు పెరిగేవి, మేర తరిగేది.

వైద్యానికి ధర కట్టడం తప్పన్న భావన ఈ పద్ధతికి తోడుగా ఉండేది. చికిత్సను సరుకులా అమ్ముకునేవాడు బంగారాన్ని వదిలి దుమ్ము పోగు చేసుకుంటాడన్న అర్థంలో చరకసంహిత హెచ్చరించింది. రాజు దగ్గరికీ, గురువు దగ్గరికీ, వైద్యుడి దగ్గరికీ ఉత్త చేతులతో వెళ్లకూడదన్న ఆచారం కూడా అంతే బలంగా ఉండేది. వైద్యుడు అడగకూడదు, రోగి ఇవ్వకుండా ఉండకూడదు. తమలపాకుల్లో పెట్టిన దక్షిణ, పాలిచ్చే గేదె, పెరట్లో కాసిన కూరలు ఈ రెండు నియమాలకూ మధ్య దొరికిన దారి. ధర చెప్పకపోవడం వల్ల పేదవాడికి వైద్యం అందింది. అదే కారణంగా వైద్యుడి రాబడికి కూడా నిలకడ లేకపోయింది. చాలామంది వైద్యులు వ్యవసాయమో, పౌరోహిత్యమో, బడిపంతులు పనో వదలకుండా చేసుకున్నారు. ఎంతో కొంత తెలుగు వ్యాఖ్యతో సాగే బసవరాజీయం వంటి గ్రంథాలు అలాంటి ఇళ్లలోనే తాటాకుల మీద నిలిచాయి.

సర్కారు కొలువు

మద్రాసులో 1835లో వైద్య పాఠశాల మొదలైంది. 1850లో అది కళాశాల అయింది. హైదరాబాదులో బ్రిటిష్ రెసిడెన్సీ ఆధ్వర్యంలో 1846లో మరో వైద్య పాఠశాల వెలిసింది. హైదరాబాదులో తొలి దశలో పాఠాలు ఉర్దూలో చెప్పి, ఉత్తీర్ణులకు హకీం బిరుదు ఇచ్చేవారు. ఈ రెండు చోట్లా చదువు ముగిసినవారి ముందున్న ప్రధానమైన దారి సర్కారు ఉద్యోగం. పటాలంలోనో, జైల్లోనో, తాలూకా డిస్పెన్సరీలోనో నెల జీతం. 1871 నాటి మద్రాసు స్థానిక నిధుల చట్టం తర్వాత ఊళ్ల మీద వసూలైన పన్నులతో లోకల్ ఫండ్ డిస్పెన్సరీలు పెరిగాయి. వాటిలో హాస్పిటల్ అసిస్టెంట్లు, తర్వాతి పేరుతో సబ్ అసిస్టెంట్ సర్జన్లు ఉండేవారు. జిల్లా వైద్యాధికారి పదవి మాత్రం చాలాకాలం ఇండియన్ మెడికల్ సర్వీసు దొరల చేతుల్లోనే ఉంది.

సర్కారు డాక్టరుకు జీతంతో పాటు ప్రైవేటు ప్రాక్టీసు చేసుకునే వీలూ ఉండేది. జమీందారు ఇంట పురుడు, షావుకారు ఇంట జ్వరం జీతానికి మించిన రాబడి తెచ్చేవి. పగలు ఆసుపత్రిలో ఉచితంగా చూసిన డాక్టరే సాయంత్రం ఇంటి దగ్గర ఫీజుకు చూడటం అప్పుడే మొదలైంది. దాని మీద వాదం కూడా అప్పుడే మొదలైంది. స్వాతంత్ర్యానికి ముందు దేశ ఆరోగ్య వ్యవస్థను సమగ్రంగా పరిశీలించిన భోర్ కమిటీ 1946లో పూర్తికాలపు సర్కారు డాక్టర్లకు ప్రైవేటు ప్రాక్టీసు వద్దని సిఫారసు చేసింది. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వాలు దాన్ని అనుమతించడం, ఆపడం, ఆపినందుకు అలవెన్సు ఇవ్వడం వంటి మార్గాలు పట్టాయి. వాదం ఇప్పటికీ తేలలేదు.

మిషన్ ఆసుపత్రులు మూడో దారి చూపాయి. అమెరికన్ మిషనరీ డాక్టరు అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. ఆమె స్థాపించిన ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. ఇలాంటి చోట్ల డాక్టరు జీతం విదేశీ చర్చి విరాళాల నుంచి వచ్చేది. స్తోమత ఉన్నవారు ఇచ్చిన ఫీజులూ, జమీందార్లు కట్టించిన సత్రాలూ పేదల వైద్యానికి తోడ్పడేవి. ఉన్నవాడి ఫీజు లేనివాడి మందుకు అన్న ఈ సూత్రాన్ని తర్వాతి కాలపు ధర్మాసుపత్రులు ఎన్నో పాటించాయి.

పేరు పక్కన అక్షరాలు

1914లో మద్రాసు వైద్యుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. పాశ్చాత్య వైద్యం చదివినవారి పేర్లతో ఒక రిజిస్టరు తయారైంది. అందులో పేరు లేనివారు వైద్యం చేయకూడదని ఆ చట్టం అనలేదు. సర్కారు ఉద్యోగం, చెల్లుబాటయ్యే సర్టిఫికెట్టు వంటివి మాత్రం రిజిస్టరైనవారికే దక్కాయి. వైద్యుడి సంపాదనకు అంతవరకూ పెట్టుబడి జనం నోట నలిగే మంచి పేరు, తెలుగువారు హస్తవాసి అని పిలిచే నమ్మకం. ఇప్పుడు దానికి పేరు పక్కన అక్షరాలు తోడయ్యాయి.

ఆ అక్షరాల్లోనూ ఎక్కువ తక్కువలు వచ్చాయి. విశ్వవిద్యాలయ పట్టభద్రుడు ఎం.బి.బి.ఎస్., వైద్య పాఠశాలలో డిప్లొమా పొందినవాడు ఎల్.ఎం.పి. విశాఖపట్నంలో 1902లో మొదలైన వైద్య పాఠశాల ఎల్.ఎం.పి.లను తయారుచేసింది. 1923లో అక్కడే వైద్య కళాశాల మొదలైంది. అదే తర్వాత ఆంధ్రా మెడికల్ కాలేజీగా స్థిరపడింది. తెలుగు పల్లెలకూ చిన్న పట్నాలకూ తొలిసారి అల్లోపతి వైద్యాన్ని చేర్చినవారిలో ఎక్కువమంది ఎల్.ఎం.పి. డాక్టర్లే. అయినా 1933 నాటి భారత వైద్య మండలి చట్టం అఖిల భారత స్థాయి గుర్తింపును పట్టభద్రులకే పరిమితం చేసింది. భోర్ కమిటీ లెక్క ప్రకారం దేశంలో రిజిస్టరైన డాక్టర్లు సుమారు 47,500 మంది. వారిలో పట్టభద్రులు దాదాపు 17,600. మిగిలినవారంతా లైసెన్షియేట్లు. మెజారిటీగా ఉన్న ఆ చదువునే ఆపేసి, దేశమంతటా ఎం.బి.బి.ఎస్. ఒక్కటే ఉండాలని కమిటీ సూచించింది. ప్రమాణాలు పెరగాలన్న ఆశయం గొప్పది. తక్కువ ఖర్చుతో చదివి పల్లెలో స్థిరపడటానికి సిద్ధపడే డాక్టర్ల వరుస మాత్రం దాంతో ఆగిపోయింది. ఆ ఖాళీ ఎలా నిండిందో తర్వాతి అర్ధశతాబ్దం చూపింది.

పేరు పక్కన అక్షరాలు ఒక మనిషి జీవితాన్ని ఎలా తిప్పగలవో చెప్పడానికి యల్లాప్రగడ సుబ్బారావు ఉదాహరణ చాలు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు సర్జరీ ప్రొఫెసరు ఆగ్రహానికి గురైన ఆయనకు ఎం.బి.బి.ఎస్. బదులు కిందిస్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టా దక్కింది. సర్కారు వైద్య కొలువు దొరకలేదు. మద్రాసులో ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1920ల తొలి సంవత్సరాల్లో అమెరికా వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన పరిశోధనలు ప్రపంచానికి మేలు చేశాయి.

పల్లె డాక్టరుకు సబ్సిడీ

డాక్టర్లు పట్నాల్లోనే పోగుపడటం కొత్త సమస్య కాదు. పానగల్ రాజా నాయకత్వంలోని జస్టిస్ పార్టీ ప్రభుత్వం 1924లో మద్రాసు ప్రెసిడెన్సీలో సబ్సిడీ పొందే గ్రామీణ వైద్యుల పథకం ప్రవేశపెట్టింది. డాక్టరు ఒక పల్లెను ఎంచుకుని అక్కడే కాపురం పెట్టాలి. స్థానిక బోర్డు ఏటా కొంత సొమ్ము, మందులకు మరికొంత ఇస్తుంది. పేదలను ఉచితంగా చూడాలి, ఇవ్వగలిగినవారి దగ్గర ఫీజు తీసుకోవచ్చు. పట్టభద్రుడికి ఎక్కువ, ఎల్.ఎం.పి.కి తక్కువ సబ్సిడీ ఉండేది.

పూర్తి జీతం ఇవ్వలేని సర్కారు, పూర్తి ఫీజు ఇవ్వలేని పల్లె కలిసి ఒక డాక్టరును నిలబెట్టుకునే ప్రయత్నమది. సబ్సిడీ ఒక్కటే చాలదని పథకం రాసినవారికే తెలుసు, మిగతాది ప్రాక్టీసు మీద రావాలి. అందుకే కాలవల కింది సంపన్న గ్రామాల్లో నిలబడినంత సులువుగా మెట్ట ఊళ్లలో డాక్టరు నిలబడలేకపోయాడు. ఈ చిక్కు ఇప్పటి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నియామకాల్లోనూ కనబడుతుంది. నాటి పథకంలోని ఒక నిజాయితీ మాత్రం గుర్తుంచుకోదగ్గది. డాక్టరు ఊళ్లో ఉండాలంటే త్యాగం చేయమని ఉపదేశించడం చాలదని, అతని ఇల్లు గడిచే లెక్క కూడా చూడాలని అది ఒప్పుకుంది.

మందుల వ్యాపారం, విడిచిన ప్రాక్టీసు

ఇంగ్లీషు వైద్యానికి సర్కారు అండ దొరికిన కాలంలో ఆయుర్వేద వైద్యులు బజారు మీద ఆధారపడటం నేర్చారు. మద్రాసులో కె.ఎన్. కేసరి కేసరి కుటీరం నెలకొల్పి, స్త్రీల వ్యాధులకు లోధ్ర అనే మందును పత్రికా ప్రకటనల ద్వారా తెలుగు దేశమంతటికీ చేర్చాడు. 1928లో గృహలక్ష్మి పత్రిక ప్రారంభించాడు. మందు అమ్మకంలో వచ్చిన సొమ్ముతో పత్రికను, పాఠశాలను నడిపి, రచయిత్రులకు స్వర్ణకంకణాలు బహూకరించాడు. రోగి వైద్యుడి దగ్గరికి వచ్చే బదులు మందే తపాలాలో రోగి ఇంటికి వెళ్లే పద్ధతి అది. దివి గోపాలాచార్యులు, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేదానికి కళాశాలలూ, సర్కారు గుర్తింపూ కావాలని పాటుపడ్డారు. 1925లో మద్రాసు ప్రభుత్వం దేశీయ వైద్య పాఠశాలను నెలకొల్పింది. దేశీయ వైద్యుడికీ డిప్లొమా, రిజిస్టరు, బోర్డు వచ్చాయి.

కొందరు ప్రాక్టీసునే వదిలారు. భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో పదేళ్లపాటు డాక్టరుగా పనిచేసి, సాగుతున్న ప్రాక్టీసు విడిచి జాతీయోద్యమంలోకి వెళ్లాడు. 1923లో పది లక్షల అధీకృత మూలధనంతో, లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని స్థాపించాడు. వైద్యుడి చదువు, వైద్యుడిగా దక్కిన నమ్మకం ఒక ప్రాంతపు ఆర్థిక సంస్థలకు పునాది అయ్యాయి. కొమర్రాజు అచ్చమాంబ విజయవాడలో ప్రసూతి వైద్యం చేస్తూ ఆడవాళ్ల ఆరోగ్యం గురించి రాసింది, మంత్రసానులకు శిక్షణ ఇచ్చింది, 1957లో పార్లమెంటుకు ఎన్నికైంది. ఈ తరానికి ప్రాక్టీసు జీవనోపాధి. ప్రజల్లోకి వెళ్లే తలుపు కూడా అదే.

మిక్చరు సీసా

1930ల నుంచి 1960ల దాకా తెలుగు పట్నంలో ఒక డాక్టరు ప్రాక్టీసు ఎలా ఉండేదో ఆ కాలపు మిక్చరు సీసా చెబుతుంది. రోగి ఇంటి నుంచి ఖాళీ సీసా, బిరడా కడిగి తెచ్చుకునేవాడు. డాక్టరు నాడి చూసి, నాలుక చూసి, చీటీ మీద రెండు ముక్కలు రాసి కాంపౌండరుకు పంపేవాడు. చెక్క బీరువాల మధ్య నిలబడిన కాంపౌండరు పెద్ద జాడీల్లోంచి ద్రావకాలు కొలిచి పోసి, నీళ్లు కలిపి, సీసా పొడవునా ఒక కాగితపు పట్టీ అతికించేవాడు. పట్టీ అంచు మెట్లు మెట్లుగా కత్తిరించి ఉండేది. ఒక మెట్టు ఒక మోతాదు. చదువు రాని తల్లి కూడా ఏ పూటకు ఎంత తాగించాలో ఆ మెట్లు చూసి తెలుసుకునేది.

ఆ సీసాలోనే డాక్టరు ఆర్థికమంతా ఉంది. చూసినందుకు విడిగా ఫీజు అడగడం చాలాచోట్ల అలవాటు కాలేదు. మిక్చరు, పొట్లం, తర్వాత సూది, వీటికిచ్చే డబ్బులోనే డాక్టరు తెలివికి కూడా ప్రతిఫలం ఇమిడి ఉండేది. జబ్బు గురించి మంచి మాట చెప్పి పంపితే ఏమీ రాదు, సీసా నింపితే వస్తుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత పెన్సిలిన్ వంటి మందులు బజారులోకి రావడంతో సూదికి గౌరవం పెరిగింది. సూది వేయని డాక్టరు డాక్టరే కాదన్న నమ్మకం పల్లెల్లో పాతుకుపోవడానికి ఈ లెక్క కూడా ఒక కారణం. ఇంటికి వెళ్లి చూస్తే విజిట్ ఫీజు వేరు. జట్కా బండి రోగి తరఫువాళ్లే తెచ్చేవారు. బాకీలు సంక్రాంతి పంట వచ్చాక తీరేవి. కొన్ని తీరేవి కావు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

1948 నాటి ఫార్మసీ చట్టం, ఫ్యాక్టరీలో తయారైన మాత్రలు, పెరుగుతున్న మందుల దుకాణాలు కలిసి కాంపౌండరు పీటను కదిలించాయి. డాక్టరు మందు ఇచ్చేవాడి నుంచి మందు రాసేవాడిగా మారాడు. అప్పుడు కన్సల్టేషన్ ఫీజు విడిగా నిలబడింది. మందు మీది లాభం దుకాణానికి వెళ్లింది. దుకాణం మాత్రం డాక్టరు గదిని ఆనుకునే వెలిసింది. అద్దె రూపంలోనో, కమీషన్ రూపంలోనో కొంత తిరిగి వచ్చే దారి కూడా అక్కడే మొదలైంది.

నర్సింగ్ హోమ్

1940ల రెండో సగం నుంచి వైద్య కళాశాలలు పెరిగాయి. గుంటూరు 1946, హైదరాబాదు గాంధీ 1954, కర్నూలు 1957, కాకినాడ రంగరాయ 1958, వరంగల్ కాకతీయ 1959, తిరుపతి శ్రీ వేంకటేశ్వర 1960. వీటిలో చదివినవారిలో వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చినవారు చాలామంది. డెల్టాల్లో వరి, పొగాకు, చెరకు మీద వచ్చిన మిగులు పిల్లల చదువులోకి, చదువు నుంచి నర్సింగ్ హోమ్‌లోకి ప్రవహించింది. విజయవాడ సూర్యారావుపేట, గుంటూరు కొత్తపేట వంటి పేటలు డాక్టర్ల వీధులయ్యాయి. బస్సు దిగిన పల్లెటూరి రోగి నాలుగు అడుగుల్లో డాక్టరును, ల్యాబును, ఎక్స్‌రేను, మందుల షాపును, భోజన హోటలును చేరగలగాలి. ఈ అవసరమే ఆ వీధులను నిర్మించింది.

నర్సింగ్ హోమ్ సాధారణంగా ఒక కుటుంబ సంస్థ. కింద ఆసుపత్రి, మేడ మీద కాపురం. భర్త సర్జనో ఫిజీషియనో, భార్య ప్రసూతి వైద్యురాలు. పది, ఇరవై మంచాలు. ఆపరేషన్ రోజున మత్తు డాక్టరు బయటి నుంచి వచ్చేవాడు. పెట్టుబడి తండ్రి అమ్మిన పొలం, మామగారు ఇచ్చిన కట్నం, తర్వాత బ్యాంకు అప్పు. డాక్టరు అల్లుడి కోసం కట్నం పెరగడానికీ, ఆ కట్నంతో ఆసుపత్రి కట్టడానికీ మధ్య ఉన్న సంబంధం ఆ తరం చెప్పుకోవడానికి ఇష్టపడని నిజం. దాని భారం ఎందరో ఆడపిల్లల తల్లిదండ్రులు మోశారు, వైద్యం ఖరీదులోనూ కొంత చేరింది.

దీనికి భిన్నమైన దారి కూడా ఉంది. నెల్లూరులో కమ్యూనిస్టు ఉద్యమ నేపథ్యం ఉన్న డాక్టర్లు ప్రజా వైద్యశాల నడిపి, తక్కువ ఫీజుకు వైద్యం చేస్తూ, పల్లెల్లో ప్రాథమిక వైద్యం చేయగల యువకులకు శిక్షణ ఇచ్చారు. డాక్టర్లు సొంత లాభాన్ని పరిమితం చేసుకుంటే ఒక పట్నపు వైద్యం ధరే అదుపులో ఉంటుందని అది చూపింది.

ఎల్.ఎం.పి. చదువు ఆగాక పల్లెల్లో మిగిలిన ఖాళీని ఆర్.ఎం.పి. నింపాడు. రిజిస్టరైన వైద్యుడు అని అర్థమిచ్చే ఆ మూడు అక్షరాలు తెలుగు వాడుకలో డిగ్రీ లేని ఊరి డాక్టరుకు పేరయ్యాయి. పట్నంలో డాక్టరు దగ్గర కాంపౌండరుగా పనిచేసి ఊరికి తిరిగి వచ్చినవారు వీరిలో ఎక్కువ. సైకిల్, తర్వాత మోటార్ సైకిల్, సంచిలో సూదులు. అప్పు మీద వైద్యం, అర్ధరాత్రి పిలిస్తే రావడం వీరి బలం. తెలిసీ తెలియని యాంటీబయాటిక్కులూ స్టెరాయిడ్లూ వీరి ప్రమాదం. పట్నపు నర్సింగ్ హోమ్‌కు రోగిని పంపితే బిల్లులో కొంత వాటా ఇచ్చే పద్ధతి ఊరి డాక్టరునూ పట్నం డాక్టరునూ ఒక లెక్కలో కట్టేసింది. ఆ వాటా చివరికి రోగి చెల్లించినదే. వృత్తి నియమావళి దాన్ని స్పష్టంగా నిషేధించింది, అయినా అది పోలేదు. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో ఆర్.ఎం.పి.లకు శిక్షణ ఇచ్చి సామాజిక పారామెడిక్కులుగా గుర్తించే ప్రయత్నం జరిగింది.

విదేశాలు, కంపెనీ ఆసుపత్రులు

1960ల నుంచి బ్రిటన్, ముఖ్యంగా 1965 వలస చట్టం తర్వాత అమెరికా, తెలుగు డాక్టర్లకు పెద్ద ఉపాధి మార్కెట్ అయ్యాయి. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా తొలి అధ్యక్షుడు కాకర్ల సుబ్బారావు విశాఖలో చదివిన రేడియాలజిస్టు. ఆయన తిరిగి వచ్చి హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రిని తీర్చిదిద్దారు. వెళ్లినవారి పొదుపు ఇంటికి పొలాలుగా, ఇళ్లుగా, తర్వాత ఆసుపత్రుల వాటాలుగా తిరిగి వచ్చింది.

చిత్తూరు జిల్లా అరగొండకు చెందిన ప్రతాప్ సి. రెడ్డి అమెరికా నుంచి వచ్చి 1983లో మద్రాసులో అపోలో ఆసుపత్రి తెరిచారు. 1988లో హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో మరొకటి వచ్చింది. ఆసుపత్రి షేర్లు అమ్మి మూలధనం సమకూర్చుకునే కంపెనీ కావడం డాక్టరు స్థానాన్ని మౌలికంగా మార్చింది. అంతవరకూ యజమానిగా ఉన్నవాడు ఇప్పుడు కనీస హామీ మొత్తానికో, చేసిన పనిలో వాటాకో సంతకం పెట్టే ఒప్పందదారు అయ్యాడు. స్కానింగులు, క్యాథ్‌ల్యాబులు, ఐసీయూలు ఒక కుటుంబం కొనగలిగే ఖరీదు దాటిపోయాయి. కార్పొరేట్ ఆసుపత్రులు జిల్లా కేంద్రాలకు చేరాక చాలా నర్సింగ్ హోమ్‌లు ఓపీ క్లినిక్కులుగా తగ్గాయి. కొన్నిచోట్ల పదిమంది డాక్టర్లు కలిసి వాటాలు వేసుకుని మల్టీస్పెషాలిటీ ఆసుపత్రి పెట్టుకున్నారు. గుండె జబ్బుకు, ప్రమాదానికి పట్నం దాటి వెళ్లాల్సిన అవసరం తగ్గింది, ప్రాణాలు నిలిచాయి. అదే సమయంలో నెలకు ఇన్ని పరీక్షలు, ఇన్ని అడ్మిషన్లు అన్న లక్ష్యాలు డాక్టరు బల్ల మీదికి వచ్చాయి.

చదువు ఖరీదు కూడా ఈ లెక్కలో చేరింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1983లో క్యాపిటేషన్ ఫీజును నిషేధించే చట్టం చేసింది. ఈ రాష్ట్రం నుంచి వెళ్లిన ఉన్నికృష్ణన్ కేసులో 1993లో సుప్రీంకోర్టు ప్రైవేటు కళాశాలల ఫీజుల మీద చారిత్రక తీర్పు ఇచ్చింది. అయినా కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా, ఎన్నారై కోటా అన్న మెట్లు స్థిరపడ్డాయి. సీటు దొరకనివారు రష్యా, చైనా, ఫిలిప్పీన్స్ వెళ్లారు. వారి కోసం 2002లో దేశస్థాయి స్క్రీనింగ్ పరీక్ష వచ్చింది. పీజీ, సూపర్ స్పెషాలిటీ పూర్తయ్యేసరికి డాక్టరుకు ముప్పై ఏళ్లు దాటుతాయి. అప్పుడు మొదలయ్యే సంపాదన ముందు తీర్చాల్సింది చదువు అప్పు.

లెక్కలు, చట్టాలు

పాత డాక్టరు బాకీల పద్దు ఎర్ర అట్ట పుస్తకంలో ఉండేది. ఆదాయపు పన్ను నిబంధనలు వైద్యులకు ప్రత్యేకంగా రోజువారీ కేసుల రిజిస్టరు నిర్దేశించాయి. ఫారం 3సీలో తేదీ, రోగి పేరు, చేసిన సేవ, వచ్చిన ఫీజు, అందిన తేదీ ఒక్కో గడిలో నింపాలి. మందులు నిల్వ చేసేవారు ఏడాది మొదట్లో, చివర్లో ఎంత ఉందో కూడా చూపాలి. 2016లో చేర్చిన 44ఏడీఏ సెక్షన్ నిర్ణీత పరిమితిలో ఉన్న చిన్న ప్రాక్టీసులకు రాబడిలో సగాన్ని లాభంగా చూపి పన్ను కట్టే వెసులుబాటు ఇచ్చింది.

1995లో భారత వైద్య సంఘం, వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు ఫీజు తీసుకుని చేసే వైద్యం 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుందని తీర్పు చెప్పింది. అంతవరకూ నమ్మకం మీద నడిచిన బంధంలోకి సమ్మతి పత్రాలు, కేసు షీట్లు, వృత్తి బాధ్యతా బీమా వచ్చాయి. డాక్టరు తాను ఏం చేశాడో రాసిపెట్టడం రోగికి రక్షణ అయింది, డాక్టరుకూ రక్షణ అయింది. 2002 నాటి వైద్య మండలి నైతిక నియమావళి ప్రకటనలను, రిఫరల్ కమీషన్లను నిషేధించి, ఫీజును బోర్డు మీద రాసి ఉంచాలని చెప్పింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్ చట్టం చేసింది. ఆసుపత్రుల మీద, సిబ్బంది మీద దాడులు పెరగడంతో 2008లో దాడి చేసినవారిని శిక్షించే చట్టం వచ్చింది. ఒకప్పుడు దేవుడితో పోల్చిన మనిషికి ఇలాంటి చట్టపు రక్షణ అవసరమైందంటే, బిల్లు భరించలేని కోపమూ చికిత్స మీది అనుమానమూ ఎంత కలిసిపోయాయో అర్థమవుతుంది.

మూడో చెయ్యి

పెద్ద జబ్బు వస్తే పొలమో పుస్తెలో అమ్మాల్సిన పరిస్థితిలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. తెల్లకార్డు కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50,000 రూపాయల దాకా గుర్తించిన చికిత్సలకు ప్రభుత్వమే చెల్లించే ఏర్పాటు అప్పట్లో ఉండేది. త్వరలోనే రాష్ట్రమంతటికీ విస్తరించింది. ఆసుపత్రి గుమ్మంలో రోగికి సాయపడే ఆరోగ్యమిత్ర, ముందస్తు అనుమతి, ప్రతి చికిత్సకూ ప్యాకేజీ ధర, డిశ్చార్జి తర్వాత క్లెయిము. ఏ ఆపరేషన్‌కు ఎంత అన్నది డాక్టరూ రోగీ తేల్చుకునే స్థితి పోయి, ఆరోగ్యశ్రీ ట్రస్టు జాబితాలో ముందే రాసి ఉండే స్థితి వచ్చింది.

ఎన్నో ఇళ్లను ఈ పథకం అప్పుల నుంచి కాపాడింది. ఆసుపత్రుల వైపు నుంచి కొత్త ప్రశ్నలు లేచాయి. ప్యాకేజీ ధర ఖర్చుకు సరిపోతుందా, క్లెయిము సొమ్ము ఎన్ని నెలలకు వస్తుంది, అప్పటిదాకా జీతాలకూ మందులకూ ఎక్కడి నుంచి తేవాలి అన్నవి చిన్న ఆసుపత్రి యజమానికి రోజువారీ లెక్కలయ్యాయి. బకాయిలు పేరుకున్నప్పుడు ఆసుపత్రులు సేవలు ఆపుతామని ప్రకటించడం, చర్చల తర్వాత విరమించడం విభజన తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పలుమార్లు జరిగింది. మరోవైపు రోజువారీ జ్వరాలు, ఓపీ, మందులు ఎక్కువగా పథకం బయటే మిగిలాయి. అక్కడ పాత పద్ధతిలోనే రోగి జేబు, డాక్టరు బల్ల. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఫోనులో చూసినా ఫీజు తీసుకోవచ్చని చెప్పి ఆ బల్లను కూడా కదిలించాయి.

మల్కాపురం శాసనంలో రాజు ఇచ్చిన భూమి, కళ్లంలో కొలిచిన మేర, స్థానిక బోర్డు ఇచ్చిన సబ్సిడీ, మిక్చరు సీసా మీది మెట్ల పట్టీ, ఫారం 3సీ గడులు, ట్రస్టు ప్యాకేజీ జాబితా అన్నీ ఒకే ప్రశ్నకు వేర్వేరు కాలాల జవాబులు. వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా నిలబడలేదు. రోగి ఒక్కడి మీదే భారం వేసినప్పుడు పేదలు వైద్యానికి దూరమయ్యారు. డాక్టరు రాబడిని ఎవరూ పట్టించుకోనప్పుడు పల్లెలు డాక్టర్లకు దూరమయ్యాయి. ప్రతిఫలం న్యాయంగా, సమయానికి, అందరికీ తెలిసే లెక్కతో ముట్టిన చోటల్లా, ఆలయ ఆరోగ్యశాల అయినా, పల్లె డిస్పెన్సరీ అయినా, వైద్యుడు తలెత్తుకుని తన పని తాను చేయగలిగాడు.